మెట్ల లెక్క

స్కేలు మాస్టారు చేసిన తప్పల్లా ఆయనకు పీరియడ్లు తక్కువ ఉండటమే.

ఆ ఏడాది బడి తెరవగానే పెద్దమేడం ఆయన్ని తన గదిలోకి పిలిచి, "మాస్టారూ, ఎనిమిదో తరగతికి వారానికి రెండు గంటలు కొత్త క్లాసు పెడుతున్నాం. డిజైన్ థింకింగూ, చేతిపనీ. పిల్లలు ఆలోచించి, తమ చేతుల్తో వస్తువులు తయారు చేస్తారు. అందరికన్నా ఖాళీ మీకే ఎక్కువ. మీరే చూసుకోవాలి," అంది.

మాస్టారు చేతిలోని స్కేలు చూసుకున్నాడు. ఆయన చెప్పేది లెక్కలు. ముప్ఫై ఏళ్ళుగా చెక్క స్కేలు పట్టుకుని బోర్డు మీద గీతలు గీయడం తప్ప వేరే చేతిపని ఎరగడు. ఆ స్కేలు లేనిదే పాఠం మొదలుపెట్టడు కనకనే పిల్లలు ఆ పేరు పెట్టారు. ఇంట్లో మేకు కొట్టాలన్నా, ఫ్యాను విప్పాలన్నా వాళ్ళావిడే. ఆవిడ కుట్టుమిషన్ల మెకానిక్కు. వీధి చివర చిన్న షాపు ఉంది, చుట్టుపక్కల దర్జీలంతా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ ఇంట్లో ఏదైనా బాగుచేస్తుంటే కింద స్టూలు కదలకుండా పట్టుకోవడం వరకే మాస్టారి పని. అదీ సరిగ్గా పట్టుకోడని ఆవిడ గొడవ.

"నాకు సుత్తి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు మేడం," అన్నాడు ఉన్న మాట.

"మూడు రోజుల శిక్షణ ఉంది. అన్నీ వాళ్ళే నేర్పుతారు," అంది పెద్దమేడం, కాగితం చేతిలో పెట్టి.

శిక్షణలో సుత్తి ఊసే రాలేదు. మూడు రోజులూ రంగురంగుల చీటీలు గోడకు అంటించడం, పీకడం, మళ్ళీ అంటించడం. మాస్టారు చీటీల కట్టలు ఓ సంచీడు, ఐదు వాక్యాలు ఓ కాగితం నిండా పట్టుకుని తిరిగొచ్చాడు. మొదటి క్లాసులో ఆ ఐదూ బోర్డు మీద రాశాడు. ఒకటి, ఎదుటివాళ్ళ కష్టం వినాలి. రెండు, అందులో అసలు కష్టమేదో తేల్చుకోవాలి. మూడు, తోచిన ఉపాయాలన్నీ చెప్పుకోవాలి. నాలుగు, అట్టముక్కలతోనో తాళ్ళతోనో చవగ్గా ఓ నమూనా చెయ్యాలి. ఐదు, దాన్ని వాడేవాళ్ళ చేతికిచ్చి చూడాలి.

ముందు బెంచీలోంచి ఓ చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎప్పుడూ లేచే ఉంటుంది. ఆ అమ్మాయి ఏ మాట విన్నా "ఎందుకు?" అంటుందని క్లాసంతా ఎందుకమ్మ అని పిలుస్తారు.

"సార్, వాళ్ళకి నచ్చకపోతే?"

"మళ్ళీ మొదటికి రావాలి."

"అప్పుడూ నచ్చకపోతే?"

"మళ్ళీ మొదటికే."

"మార్కులు పోవా సార్?"

"పోవట," అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన నోటినుంచి వచ్చింది గానీ మనసుకి ఎక్కలేదు. తప్పు చేసినా మార్కు పోకపోవడమేమిటి? ఈ లెక్కన రేపు రెండూ రెండూ ఐదంటే చప్పట్లు కొట్టాలా?

వెనక బెంచీలో జిగురు అని ఒక కుర్రాడున్నాడు. వాడి వేళ్ళకు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక జిగురు అంటుకునే ఉంటుంది. పరీక్షల పేపరు ఇస్తే దానితోపాటు పక్కవాడి పేపరూ వచ్చేది. వాడికి మాత్రం ఈ క్లాసు లాటరీ తగిలినట్టనిపించింది. "సార్, బాబాయ్‌కి కష్టం ఉంది సార్! రోజంతా మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు. మనం ఆయనకి ఒకటి చేద్దాం," అన్నాడు లేచి నిలబడి.

బాబాయ్ అంటే బడిలో అటెండరు. యాభై ఎనిమిదేళ్ళు, పుల్లలాంటి మనిషి. పిల్లలకే కాదు, టీచర్లకీ, ఆఖరికి పెద్దమేడంకీ కూడా బాబాయే. బడికి కింద ఆఫీసు, పైన మూడు అంతస్తులు, మొత్తం అరవై ఆరు మెట్లు. పైన తొమ్మిది తరగతి గదులు. ఏ గదిలో బెల్లు నొక్కితే ఆఫీసులో ఆ గది దీపం వెలుగుతుంది. బాబాయ్ లేచి వెళ్ళాలి. ఎక్కేటప్పుడు ఆయన మోకాళ్ళు చేసే చప్పుడు విని, ఎన్నో అంతస్తు దాకా వచ్చాడో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

"బాగుంది," అన్నాడు మాస్టారు, ఇంత త్వరగా తేలిపోయినందుకు లోపల సంతోషిస్తూ. "మరి ఉపాయం?"

ఉపాయం జిగురు దగ్గర అప్పటికే తయారుగా ఉంది. మెట్ల మధ్యలో పైనుంచి కింద దాకా ఖాళీ ఉంది కదా, పై అంతస్తు కటకటాలకి కప్పీ కట్టి, తాడుకి బుట్ట తగిలిస్తే సరి. రిజిస్టర్లు, చాక్‌పీసులు, నీళ్ళ సీసాలు అన్నీ బుట్టలో పైకి వెళ్ళిపోతాయి. క్లాసంతా ఒక్కసారి లేచి అరిచింది. రెండు వారాలు మెట్ల కింద ఉన్న పాత సామాన్ల గదిలో, దానికే ఇప్పుడు తయారీ గది అని పేరు, కోతలూ ముడులూ సాగాయి. మాస్టారు మధ్యలో నిలబడి, "జాగ్రత్త, జాగ్రత్త," అంటూ తిరిగాడు. అంతకుమించి ఆయనకేం చెయ్యాలో తెలీలేదు.

బుట్ట మొదటి ప్రయాణం అందరూ చూసేలా పెట్టారు. కింద పెద్దమేడం, ఆఫీసువాళ్ళు, మెట్ల పొడుగునా పిల్లలు. బుట్ట మొదటి అంతస్తు దాకా రాజాలా వెళ్ళింది. రెండో అంతస్తు దగ్గర కాస్త ఊగింది. మూడో అంతస్తు దగ్గర తలకిందులైంది. నాలుగు డబ్బాల చాక్‌పీసులు పైనుంచి వానలా కురిసి, పెద్దమేడం జుట్టంతా తెల్లబడింది. ఆవిడే ముందు తుమ్మింది, ఆ తర్వాత నవ్వింది. దానితో బడంతా గొల్లుమంది.

నవ్వనిది ఒక్క బాబాయే. ఆయన చాక్‌పీసు ముక్కలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసుకుంటున్నాడు.

"బాబాయ్, నచ్చలేదా?" అంది ఎందుకమ్మ పక్కన కూర్చుని తనూ ఏరుతూ.

"బాగానే ఉందమ్మా. ఇవ్వాళ బోల్తా పడింది, రేపు మీరు సరిచేస్తారు, తెలివైన పిల్లలు." ఆయన తల ఎత్తలేదు. "సరిచేశాక అన్నీ ఆ బుట్టే మోసేస్తే, ఇక నేనెందుకు తల్లీ ఈ బడికి? ఇంకా రెండేళ్ళ సర్వీసుంది నాకు."

ఎందుకమ్మ నోట మొదటిసారి ప్రశ్న రాలేదు. జిగురు వచ్చి తనూ ఏరడం మొదలుపెట్టాడు. మెట్ల మీద స్కేలు పట్టుకుని నిలబడ్డ మాస్టారికి బోర్డు మీద తాను రాసిన మొదటి వాక్యం కళ్ళముందు కనిపించింది. ఇరవై నాలుగుమంది పిల్లలు, ఒక మాస్టారు, రెండు వారాల పని. ఒక్కరు, ఒక్కసారి కూడా బాబాయ్‌ని అడగలేదు.

మర్నాడు క్లాసుకి మాస్టారు బాబాయ్‌నే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన కుర్చీ అంచుమీద కూర్చున్నాడు, ఎవరో పరీక్ష పెడుతున్నట్టు.

"బాబాయ్, మెట్లెక్కడం కష్టమా?" అడిగాడు జిగురు.

"మెట్లకేం బాబూ. ఎక్కుతాను. పైన ఒకటో తరగతి పిల్లలుంటారు, నన్ను చూస్తే బూట్ల తాళ్ళు ముందుకు చాపుతారు, కట్టమని. వాళ్ళకోసమైనా ఎక్కుతాను."

"మరి ఏది కష్టం?"

బాబాయ్ కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "వట్టి చేతుల్తో ఎక్కడం," అన్నాడు చివరికి. "బెల్లు మోగుతుంది. పైకి పోతాను. 'బాబాయ్, చాక్‌పీసు,' అంటారు. దిగుతాను. చాక్‌పీసు పట్టుకుని మళ్ళీ ఎక్కుతాను. కిందికొచ్చేసరికి మళ్ళీ బెల్లు. ఆ మొదటిసారి ఎక్కడం ఉంది చూశావూ, అది దేనికీ కాదు. ఏం కావాలో కనుక్కోడానికి. అక్కడే ప్రాణం ఉసూరుమంటుంది."

"ఎందుకు చెప్పలేదు బాబాయ్ ఇన్నాళ్ళూ?" అంది ఎందుకమ్మ.

"ఎవరడిగారమ్మా?"

మాస్టారికి ఇక్కడ కాలికింద గట్టినేల తగిలింది. ఇది లెక్క! "వింటే చాలదు, కొలవాలి," అన్నాడు స్కేలు టేబుల్ మీద చప్పుడయ్యేలా పెట్టి. "ఐదు రోజులు. ఏ గది, ఎన్ని బెల్లులు, దేనికోసం. ఒక్కటి కూడా వదలకూడదు. ఆ లెక్క పట్టిక వేసి, అందరి ముందూ బొమ్మ గీసి చూపించాలి. లెక్క ఎవరి మొహమూ చూడదు. గుర్తుపెట్టుకోండి."

పిల్లలు ఆఫీసు గోడకి ఒక అట్ట తగిలించి, దారానికి పెన్సిల్ కట్టారు. బెల్లు మోగి పని అయిన ప్రతిసారీ బాబాయ్ ఒక గీత పెట్టి, పక్కన సంగతి రాసేవాడు. మొదటి రోజు బెరుగ్గా పెట్టాడు. మూడో రోజుకల్లా గీత పెట్టడానికి చొక్కా చేతులు మడిచి మరీ వచ్చేవాడు.

శనివారం క్లాసుకి పెద్దమేడం వచ్చింది, ఖాళీగా ఉన్న టీచర్లూ వచ్చారు. ఎందుకమ్మ బోర్డు దగ్గర నిలబడి మొదలుపెట్టింది.

"ఐదు రోజుల్లో మొత్తం తొంభై ఎనిమిది బెల్లులు. ఒక్కో బెల్లుకి రెండుసార్లు ఎక్కాలి. అంటే నూట తొంభై ఆరుసార్లు. అందులో తొంభై ఎనిమిది సార్లు బాబాయ్ ఎక్కింది 'ఏం కావాలి?' అని అడగడానికే."

గదిలో గుసగుసలు లేచాయి. మాస్టారు గర్వంగా తలాడించాడు.

"ఇప్పుడు గదుల వారీగా," అని ఆమె చుట్టచుట్టిన పెద్ద కాగితం విప్పింది. ఎనిమిది స్తంభాలు బుద్ధిగా మోకాళ్ళ ఎత్తులో నిలబడ్డాయి. తొమ్మిదోది కాగితం పై అంచు దాకా వెళ్ళి, చోటు చాలక ఇంకో కాగితం అతికించుకుని మరీ పెరిగింది. అతికించింది జిగురు, తెలుస్తూనే ఉంది.

"మూడో అంతస్తు, చివరి గది. ఇరవై తొమ్మిది బెల్లులు. స్కేలు..." ఎందుకమ్మ నాలుక కరుచుకుంది. "లెక్కల సార్."

ఆమె గొంతు సన్నగా సాగింది. "కళ్ళద్దాలు స్టాఫ్‌రూంలో మర్చిపోయి తొమ్మిదిసార్లు. స్కేలు మర్చిపోయి ఏడుసార్లు. చాక్‌పీసులకి ఆరు. డస్టరుకి నాలుగు. నీళ్ళకి మూడు. డస్టరు నాలుగుసార్లూ సారు టేబుల్ కిందే దొరికిందని బాబాయ్ రాశాడు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కాగితం అందుకుని మొదటినుంచీ కూడాడు. తొమ్మిదీ ఏడూ పదహారు, ఆరు ఇరవై రెండు, నాలుగు ఇరవై ఆరు, మూడు ఇరవై తొమ్మిది. తప్పు దొరుకుతుందేమోనని మళ్ళీ కింద నుంచి పైకి కూడాడు. అప్పుడూ ఇరవై తొమ్మిదే. వెనక నుంచి సైన్సు టీచరు దగ్గుని నవ్వులా, నవ్వుని దగ్గులా ఏదో చేస్తోంది.

"కూడిక సరిగ్గా ఉంది," అన్నాడు చివరికి. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ కాగితం మూల పదికి పది వేశాడు. ఆయన సర్వీసులో పదికి పది వెయ్యడం అదే మొదలని తర్వాత పిల్లలు చెప్పుకున్నారు. అప్పుడు బాబాయ్ వైపు తిరిగి, "బాబాయ్, నాకు తెలీలేదయ్యా," అన్నాడు.

"పోన్లెండి మాస్టారూ. మీ డస్టరు ఎక్కడుంటుందో నాకిప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుసు," అన్నాడు బాబాయ్. ఇక ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

ఇంటికి వెళ్ళి వాళ్ళావిడతో చెప్పుకుంటే కాస్త ఓదారుస్తుందనుకున్నాడు. ఆవిడ మిషను నూనె చేతులు తుడుచుకుంటూ అంతా విని, "ఇరవై తొమ్మిదేనా?" అంది. "ఆ పిల్లల్ని ఓ వారం మనింటికి పంపండి. అట్ట నేనిస్తాను."

"వద్దు, వద్దు," అన్నాడు మాస్టారు కంగారుగా.

తర్వాత రెండు వారాల్లో పిల్లలు అసలు వస్తువు చేశారు. మెట్ల మధ్యలో పైనుంచి ఆఫీసు దాకా ఒక గొట్టం, ప్రతి అంతస్తులో దానికో నోరు. ప్రతి గదిలో ఐదు చెక్క బిళ్ళలు. చాక్‌పీసు, డస్టరు, నీళ్ళు, రిజిస్టరు, 'నువ్వే రా', ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ, అంచుకి ఆ గది రంగు. ఏం కావాలో ఆ బిళ్ళ గొట్టంలో వేస్తే కింద డబ్బాలో టంగున పడుతుంది. బాబాయ్ చూసుకుని, కావలసింది పట్టుకుని ఒక్కసారే ఎక్కుతాడు.

మొదటి గొట్టం చార్టు కాగితాలు చుట్టి చేశారు. గాలికి సగంలో విరిగి వేలాడింది. రెండోసారి మాస్టారి భార్య షాపు పక్కన ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర మిగిలిన ప్లాస్టిక్ గొట్టాలు అడిగి తెచ్చారు. ఈసారి గొట్టం నిలబడింది గానీ నలుచదరపు బిళ్ళలు అతుకుల దగ్గర ఇరుక్కుని, లోపలే కాపురం పెట్టాయి. గుండ్రటి బిళ్ళలు కావాలి, నలభై ఐదు.

"ఎవరు కోస్తారు?" అన్నాడు మాస్టారు.

ఇరవై నాలుగు జతల కళ్ళు ఆయన వైపే తిరిగాయి.

"నాకు రంపం పట్టడం రాదర్రా."

"ఎందుకు రాదు సార్? నేర్చుకోలేదు, అంతేగా," అంది ఎందుకమ్మ.

ఆ ఆదివారం వాళ్ళావిడ ఆయన్ని షాపు వెనక కూర్చోబెట్టింది. ఆయన పలకచెక్క మీద వృత్తలేఖినితో నలభై ఐదు వృత్తాలు అందంగా గీసి, ఒక్కటి కొయ్యడానికి గంట తీసుకున్నాడు. అది చూస్తే నమిలి ఉమ్మేసిన బిస్కట్టులా ఉంది. ఆవిడ అటకమీంచి విరిగిన మంచం కోడు ఒకటి తెచ్చి ముందు పడేసింది. "ఇది ముందే గుండ్రంగా ఉంది కదండీ! కీరా ముక్కల్లా అడ్డంగా కొయ్యండి, చాలు."

"నువ్వు ముందే చెప్పొచ్చుగా!"

"మీరు ముందే అడగొచ్చుగా!"

బొటనవేలికి రెండు పట్టీలతో, సంచీలో నలభై ఐదు బిళ్ళలతో సోమవారం బడికి వెళ్ళాడు. జిగురు ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసి, పదకొండు పక్కకి తోశాడు. "సార్, ఇవి ఒక వైపు మందం, ఒక వైపు పల్చన. ఇరుక్కుంటాయి. మళ్ళీ చెయ్యండి." ఆ 'మళ్ళీ చెయ్యండి' అచ్చం మాస్టారి గొంతే. ఆయనకి ఒళ్ళు మండాలి. మండలేదు. పదకొండూ మళ్ళీ కోశాడు, ఈసారి రంపం ఆయన చెప్పిన మాట కాస్త వింది.

మొదటి రోజు బిళ్ళ మూడో అంతస్తు నుంచి దూకుడుగా వచ్చి, డబ్బా అంచుకి తగిలి ఎగిరి, పెద్దమేడం పూలకుండీలో పడింది. డబ్బాలో పాత గుడ్డ పరిచారు. బొమ్మలు కళ్ళకి ఆనడం లేదన్నాడు బాబాయ్, పెద్దవి వేశారు. ఒకటో తరగతివాళ్ళు గొట్టం నోరు తమ కోసమే పెట్టారనుకుని గోళీలు, పెన్సిలు ముక్కలు, ఒక చాక్లెట్టు వేశారు. గొట్టానికి మూత పెడదామా అంటే బాబాయ్ ఒప్పుకోలేదు. "చాక్లెట్టు నాకే పంపారమ్మా. మూత పెడితే ఎట్లా వస్తుంది?"

మాస్టారు గొట్టం దగ్గరికెళ్ళి తన ఐదు బిళ్ళలూ తిరగేసి చూసి, "కళ్ళద్దాలకి బిళ్ళ లేదేమర్రా?" అన్నాడు.

"అది మీ ఒక్కరికే కావాలి సార్. ఒక్కరి కోసం పెట్టకూడదని తీర్మానించాం," అంది ఎందుకమ్మ. ఆ సాయంత్రమే ఆయన కళ్ళద్దాలకి దారం కట్టించి మెళ్ళో వేసుకున్నాడు.

నెలాఖరుకి మళ్ళీ ఐదు రోజులు కొలిచారు. బాబాయ్ అరవై రెండుసార్లు ఎక్కాడు, ప్రతిసారీ చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. లెక్కల సారు గది స్తంభం నాలుగుకి దిగి, మిగతావాటి మధ్య ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు క్లాసు మధ్యలో తయారీ గది తలుపు దగ్గర బాబాయ్ నిలబడ్డాడు. బెల్లు మోగలేదు, బిళ్ళ పడలేదు, ఎవరూ పిలవలేదు. ఒక చేతిలో అట్టముక్క, దాని మీద పెన్సిల్ గీతలు.

"నాకూ ఒక ఉపాయం తోచిందమ్మా," అన్నాడు సిగ్గుపడుతూ. "కింద ఒక తాడు లాగితే, పైన మూడంతస్తుల్లోనూ చిన్న ఎర్రగుడ్డ లేవాలి. అది లేచి ఉన్నంతసేపూ ఎవరూ బిళ్ళ వెయ్యకూడదు. పది నిమిషాలు చాలు."

"ఎందుకు బాబాయ్?" అంది ఎందుకమ్మ.

ఆయన అట్టముక్కని అటూ ఇటూ తిప్పాడు. "పదకొండింటికి టీ వస్తుంది నాకు. ఈ బడికొచ్చి ఇరవై రెండేళ్ళు. ఒక్కరోజైనా వేడిగా తాగాలని ఉంది."

జిగురు లేచి బెంచీ మీద చోటు చేశాడు. బాబాయ్ ఈసారి అంచుమీద కాకుండా బెంచీ మధ్యలోకి జరిగి కూర్చున్నాడు. మాస్టారు ఆ అట్ట అందుకుని, మెడలోని కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు.

"మూడో అంతస్తు దగ్గర తాడు కటకటాలకి రాసుకుంటుంది బాబాయ్. కప్పీ కావాలి."

"బుట్టకి కట్టింది ఉంది సార్!" అని జిగురు సామాన్ల అరలోకి దూరాడు. ఎందుకమ్మ అప్పటికే కొలత టేపు పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తింది. మాస్టారు చొక్కా చేతులు మడిచి, "ఆ రంపం ఇటివ్వండర్రా," అన్నాడు.